మధ్యాహ్నం గదికి తిరిగొచ్చేది ఎవరు? డిస్నీ వరల్డ్ బసపై ఒక కేస్ స్టడీ

డిస్నీ వరల్డ్ చూడటానికి ఫ్లోరిడాలోని ఓర్లాండో వెళ్ళే కుటుంబాలు బస గురించి మాట్లాడటం మొదలుపెడితే రెండో నిమిషానికే "రాత్రికి ఎంత?" దగ్గరికి వచ్చేస్తాయి. డిస్నీ హోటల్ గది ధర ఒక పక్క, దగ్గర్లోని కిసిమీ ఊళ్ళో స్విమ్మింగ్ పూల్ ఉన్న అద్దె ఇంటి ధర ఇంకో పక్క పెట్టి చూస్తే ఇల్లే చవక. అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న కుటుంబం దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మధ్యాహ్నం ఒంటిగంటకు ఎండ మండిపోతుంటే గదికి ఎవరు వెళ్ళాలి, ఎలా వెళ్ళాలి, వాళ్ళను ఎవరు తీసుకెళ్ళాలి?

కేసు ఇదీ. డాలస్‌లో ఉంటున్న భార్యాభర్తలు, తొమ్మిదేళ్ళ అమ్మాయి, నాలుగేళ్ళ బాబు, వేసవికి విజయవాడ నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య. మొత్తం ఆరుగురు. అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులు. తాతయ్యకు షుగరు, రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. ఇద్దరూ శాకాహారులు, రాత్రి పెరుగన్నం ఉండాల్సిందే. బాబు మధ్యాహ్నం పడుకోకపోతే సాయంత్రం అందరికీ నరకమే. జూన్‌లో ఐదు రాత్రుల ప్రయాణం, నాలుగు పార్కులు, పార్కుకో రోజు. కారు నడిపేది భార్యాభర్తలిద్దరే.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఇలాంటి ప్రయాణాల్లో పదేపదే ఎదురయ్యే పరిస్థితులను ఒకచోట చేర్చిన నమూనా. కింద వేసిన గది అద్దెలు, కారు ఛార్జీలు కూడా లెక్క నడిపించడానికి పెట్టుకున్నవే. మీ తేదీలకు వచ్చే ధరలను వాటి స్థానంలో పెట్టి మళ్ళీ కూడండి.

స్థలం ఎంత పెద్దదో ముందు తెలియాలి

డిస్నీ వరల్డ్ విస్తీర్ణం సుమారు 40 చదరపు మైళ్ళు. అందులో నాలుగు థీమ్ పార్కులు ఉన్నాయి: 1971లో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్, 1982 నాటి ఎప్‌కాట్, 1989 నాటి హాలీవుడ్ స్టూడియోస్, 1998 నాటి యానిమల్ కింగ్‌డమ్. ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకు నడిచి పోదామంటే చాలావాటి మధ్య కుదరదు. అందుకే "డిస్నీకి పది నిమిషాల దూరం" అని అద్దె ఇంటి ప్రకటనలో రాస్తే ఏ మూలకు పది నిమిషాలో అడగాలి. చాలాసార్లు అది సరిహద్దు దాకా ఉన్న దూరమే. మ్యాప్‌లో ఇంటి చిరునామా నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్ కార్ పార్కింగ్‌కు, మామూలు పనిరోజు ఉదయం ఏడున్నరకు ఎంత పడుతుందో చూడండి. ఐ-4 హైవే మీదుగా వెళ్ళాల్సిన ఇల్లయితే సాయంత్రం ఐదు గంటలకు కూడా ఒకసారి చూడండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. కారులో వచ్చినవాళ్ళు మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు దగ్గర దిగలేరు. కారు పెట్టేది ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర. అక్కడ ట్రామ్ ఎక్కడమో నడవడమో, ఆ తర్వాత సెక్యూరిటీ, ఆ తర్వాత మోనోరైలో ఫెర్రీ పడవో ఎక్కి సరస్సు దాటితే గానీ గేటు రాదు. ఉబర్‌లో వచ్చినా దింపేది ఈ సెంటర్ దగ్గరే. డిస్నీ హోటళ్ళ బస్సులు మాత్రం సరాసరి గేటు ముందుకే వెళ్తాయి. బయట ఇంటి నుంచి కారు ప్రయాణం ఇరవై నిమిషాలే అయినా, తలుపు తాళం వేసిన దగ్గర్నుంచి గేటు లోపల కాలు పెట్టేదాకా గంట పైనే లెక్కకు పెట్టుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఈ దారిలో ఎన్నిసార్లు ఎక్కి దిగాలో వేళ్ళ మీద లెక్కపెట్టండి: కారు, ట్రామ్, మోనోరైల్. తిరుగు దారిలో మళ్ళీ అవే.

మూడు దారులు, మూడు లెక్కలు

మొదటిది కిసిమీ వైపు మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు. అద్దె రాత్రికి 200 డాలర్లు అనుకుందాం. ఐదు రాత్రులకు 1,000. క్లీనింగ్ ఫీజు ఒకేసారి 180. బుకింగ్ సైటు సర్వీస్ ఫీజు 150. కిసిమీ ఉన్న ఆసియోలా కౌంటీలో (మన జిల్లా లాంటిది) పన్ను 13.5 శాతం, అద్దె, క్లీనింగ్ రెండింటి మీదా కలిపి 160 దాకా. ఇంటి బిల్లు 1,490. ఆరుగురికి, ఆరు పెట్టెలకు మినీవ్యాన్ కావాలి: రోజుకు 90 చొప్పున 450, పెట్రోలు, టోల్ 60. పార్కుల దగ్గర కారు పార్కింగ్ రోజుకు 30 డాలర్లు అనుకుంటే నాలుగు రోజులకు 120. మొత్తం 2,120. చలికాలమైతే పూల్ నీళ్ళు వేడిచేయడానికి రోజువారీ ఛార్జీ కూడా పడుతుంది. జూన్‌లో అది అక్కర్లేదు.

రెండోది డిస్నీ వరల్డ్ లోపల, డిస్నీ సొంత హోటల్ ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లో ఫ్యామిలీ సూట్. ఆరుగురు పడుకోవచ్చు, రెండు బాత్‌రూమ్‌లు, మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ ఉంటాయి. స్టవ్ ఉండదు. రాత్రికి 560 అనుకుంటే ఐదు రాత్రులకు 2,800. ఈ హోటల్ ఉన్న ఆరెంజ్ కౌంటీ పన్ను 12.5 శాతం, అంటే 350. విమానాశ్రయం నుంచి పెద్ద క్యాబ్ రానూపోనూ 140. మొత్తం 3,290. ఇంటికంటే 1,170 ఎక్కువ. చాలామంది ఇక్కడే లోపలి బస వద్దనుకుంటారు.

మూడో దారి చాలామంది కళ్ళకు కనపడదు. వెతికేటప్పుడు "ఆరుగురు" అని కొడితే సైటు ఆరుగురు పట్టే గదులనే చూపిస్తుంది, అంటే సూట్లూ విల్లాలూ. ముగ్గురు చొప్పున రెండు గదులుగా వెతకాలి. ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ పక్కనే, అదే చిన్న సరస్సు అవతలి ఒడ్డున పాప్ సెంచురీ ఉంది. గదికి నలుగురు పడతారు. గది 220 చొప్పున రెండు గదులు, ఐదు రాత్రులు: 2,200, పన్ను 275, క్యాబ్ 140. మొత్తం 2,615. రెండు బాత్‌రూమ్‌లు, రెండు ఫ్రిజ్‌లు, పెద్దవాళ్ళకు తలుపు వేసుకుని పడుకునే విడి గది. ఇంటికీ దీనికీ తేడా 495 డాలర్లు.

డిస్నీ సొంత హోటళ్ళలో రిసార్ట్ ఫీజు (గది అద్దె పైన తప్పనిసరిగా వేసే రుసుము) అంటూ విడిగా ఉండదు. 2023 జనవరి నుంచి రాత్రిపూట కారు పార్కింగ్‌కు కూడా డబ్బు తీసుకోవడం లేదు. పార్కుల దగ్గర కూడా హోటల్ అతిథుల కారుకు ఛార్జీ లేదు. బయటి హోటళ్ళలో మాత్రం గది ధర కింద చిన్న అక్షరాల్లో రిసార్ట్ ఫీజు, పార్కింగ్ ఫీజు ఉంటాయి. ఆ రెండూ కలిపి రాత్రికి యాభై డాలర్లు దాటే హోటళ్ళు చాలానే ఉన్నాయి. పేమెంట్ పేజీ దాకా వెళ్ళి చివరి మొత్తం చూడకుండా ఏ రెండు ధరలనూ పోల్చకండి.

ఒక్క వ్యాను, రెండు జట్లు

495 డాలర్లకు ఈ కుటుంబానికి వచ్చేదేమిటో చూడాలి.

ఫ్లోరిడా జూన్‌లో ఉదయం పదకొండు దాటాక ఎండ, ఉక్కపోత పెద్దవాళ్ళను కూర్చోబెట్టేస్తాయి. రెండు, మూడు గంటల ప్రాంతంలో ఉరుములతో వాన దిగుతుంది. ఈ కుటుంబం ఒంటిగంటకల్లా రెండు జట్లు కావాలి. అమ్మమ్మ, తాతయ్య, బాబు గదికి. భార్యాభర్తల్లో కనీసం ఒకరు అమ్మాయితో పార్కులోనే.

బయటి ఇంట్లో ఉంటే ఉన్నది ఒక్క వ్యాను. అమ్మమ్మా తాతయ్యా అమెరికాలో కారు నడపరు. కాబట్టి అల్లుడుగారో కూతురో వాళ్ళను దింపడానికి వెళ్ళాలి. మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి ఇంటికి గంట, మళ్ళీ వెనక్కి గంట. భార్యాభర్తలిద్దరిలో ఒకరి మధ్యాహ్నం రోడ్డు మీదే పోతుంది. లేదంటే ఆరుగురూ వెళ్ళిపోవాలి, ఒకసారి ఇంటికి చేరి చెప్పులు విప్పాక ఆరుగురూ మళ్ళీ బయల్దేరడం అరుదు. లేదంటే ఆరుగురూ పార్కులోనే ఉండిపోవాలి. సెలవుల్లో ఇంట్లో గొడవలు మొదలయ్యేది ఈ మూడో పద్ధతిలోనే, సాయంత్రం ఆరింటికి.

క్యాబ్ పెట్టి పంపవచ్చు కదా అంటారు. పంపవచ్చు. కానీ ఫ్లోరిడా చట్టం ప్రకారం ఐదేళ్ళు, అంతకు లోపు పిల్లలు కారులో చైల్డ్ సీట్లో కూర్చోవాలి. నాలుగైదేళ్ళ వాళ్ళకు బూస్టర్ సీటైనా సరిపోతుంది. ఆ సీటు రోజంతా పార్కులో మోసుకు తిరగాలి. మోనోరైల్ దిగి టికెట్ సెంటర్ దగ్గర క్యాబ్ నంబరు వెతికి పట్టుకునే పని, అమెరికన్ ఫోన్ అలవాటు లేని పెద్దవాళ్ళ మీద పడుతుంది.

పాప్ సెంచురీలో ఉంటే తాతయ్య బాబును ఎత్తుకుని గేటు బయటికి వచ్చి, తమ హోటల్ పేరున్న బోర్డు కింద నిలబడితే చాలు. బస్సు వస్తుంది. టికెట్ లేదు, చైల్డ్ సీటు అక్కర్లేదు, దారిలో మారడం లేదు. ఎదురుచూపులతో కలిపి నలభై నిమిషాలు వేసుకోండి. ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ నుంచైతే స్కైలైనర్ ఉంది. 2019 సెప్టెంబరులో మొదలైన రోప్‌వే అది. పాప్ సెంచురీకీ ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌కూ మధ్య సరస్సు మీద వంతెన దగ్గర స్టేషను. కరీబియన్ బీచ్ హోటల్ దగ్గర ఒకసారి మారాలి, అక్కడ నుంచి ఒక లైను హాలీవుడ్ స్టూడియోస్‌కు, ఇంకొకటి రివియేరా హోటల్ మీదుగా ఎప్‌కాట్‌కు. స్ట్రోలరు, వీల్‌చైరు మడవకుండానే లోపలికి నెట్టేయవచ్చు. వీల్‌చైర్ ఉన్నవాళ్ళ కోసం క్యాబిన్‌ను పూర్తిగా ఆపి ఎక్కిస్తారు. కదులుతున్న క్యాబిన్‌లోకి అమ్మమ్మ అడుగు వేయాల్సిన పని ఉండదు.

ఈ స్వేచ్ఛ ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లో ఉన్నా వస్తుంది, పాప్ సెంచురీలో ఉన్నా వస్తుంది. సూట్‌కు ఇచ్చే అదనపు 675 డాలర్లకు వచ్చేది మైక్రోవేవూ, ఒక హాలూ. ఈ కేసులో అది దండగ ఖర్చు అనే మా అభిప్రాయం.

అరగంట ముందు ప్రవేశం, ఏడు రోజుల ముందు బుకింగ్

డిస్నీ హోటల్ అతిథులకు ప్రతి రోజూ ప్రతి పార్కులో అందరికంటే అరగంట ముందు ప్రవేశం ఉంటుంది. అరగంటేగా అనుకోవద్దు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్, పీటర్ పాన్స్ ఫ్లైట్ లాంటి రైడ్లకు పదిన్నర తర్వాత గంటకు తగ్గని క్యూ సర్వసాధారణం. ఆ అరగంటలో వాటిలో ఒకటి, అదృష్టం బాగుంటే రెండూ అయిపోతాయి. అయితే అరగంట ముందు తెరుస్తారంటే, దానికంటే ఇంకో అరగంట ముందే గేటు దగ్గర ఉండాలి. సరిగ్గా తెరిచే సమయానికి హోటల్లో బస్సు ఎక్కేవాళ్ళకు ఈ సౌకర్యం ఉన్నా లేనట్టే. పొద్దున్నే లేవని కుటుంబమైతే దీని విలువను లెక్కలో సున్నా వేయండి.

లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అనే, డబ్బు కట్టి చిన్న క్యూలో వెళ్ళే పద్ధతి 2024 జూలైలో వచ్చింది. డిస్నీ హోటల్లో ఉన్నవాళ్ళు చెక్-ఇన్‌కు ఏడు రోజుల ముందు, మొత్తం బస రోజులన్నిటికీ ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. బయట ఉన్నవాళ్ళకు ఆ రోజుకు మూడు రోజుల ముందే వీలవుతుంది. హాలీవుడ్ స్టూడియోస్‌లో స్లింకీ డాగ్ డాష్ లాంటి రైడ్లకు ఈ నాలుగు రోజుల తేడా స్పష్టంగా తెలుస్తుంది. బుకింగ్ తెరుచుకునేది తూర్పు అమెరికా సమయం ఉదయం 7 గంటలకు. డాలస్‌లో అది 6 గంటలు. ఏడుకు లేద్దామని అలారం పెట్టుకుంటే గంట ఆలస్యం.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. రెండు గదులు బుక్ చేసేటప్పుడు బద్ధకించి రెండింట్లోనూ భర్త పేరే రాసి మిగతావాళ్ళను వదిలేస్తారు. గది రిజర్వేషన్‌లో పేరు లేని మనిషికి ముందస్తు ప్రవేశమూ లేదు, ఏడు రోజుల బుకింగూ లేదు. పొద్దున్నే గేటు దగ్గర అమ్మమ్మ చేతికి కట్టుకున్న ప్రవేశ బ్యాండును యంత్రం ఒప్పుకోకపోతే అప్పుడు సరిచేయడం కష్టం. ఆరుగురి పేర్లూ ఏదో ఒక గదిలో ఉండాలి. ప్రతి గదిలో కనీసం ఒక పెద్దమనిషి ఉండాలి. రెండు రిజర్వేషన్లూ మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లో ఒకే ఖాతాకు కలిసి ఉండాలి. టికెట్లు కూడా అదే పేర్లకు లింక్ అయ్యాయో లేదో ఏడు రోజుల గడువుకు ముందురోజే చూసుకోండి.

పెరుగన్నం సంగతి

బయటి ఇంటికి అనుకూలంగా ఉన్న బలమైన కారణం వంటగది. దాన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. పొద్దున ఉప్మా, రాత్రికి అన్నం పప్పు ఇంట్లో చేసుకుంటే ఆరుగురికి రోజుకు 60 డాలర్లయినా మిగులుతాయి అనుకుందాం. ఐదు రోజులకు 300. ఇది కలిపితే ఇంటికీ పాప్ సెంచురీకీ తేడా 795 అవుతుంది.

హోటల్ గదిలో ఇండక్షన్ స్టవ్, కుక్కర్ పెట్టుకోవడం కుదరదు. పొగ వస్తే ఫైర్ అలారం మోగుతుంది, అది ఒక్క గదితో ఆగదు. పాప్ సెంచురీ గదిలో మైక్రోవేవ్ ఉండదు, కింద ఫుడ్ కోర్టులో ఉంటుంది. అందుకని ఈ కుటుంబానికి పెట్టిన ఏర్పాటు: మైక్రోవేవ్‌లో తొంభై సెకన్లకు వేడెక్కే అన్నం ప్యాకెట్లు, పెద్ద డబ్బా పెరుగు, కందిపొడి, ఊరగాయ, వేడి నీళ్ళు పోస్తే తయారయ్యే ఉప్మా, పోహా కప్పులు. పెరుగు, పాలు, అరటిపళ్ళు, మంచినీళ్ళ సీసాలు హోటల్‌కే డెలివరీ చేయించుకోవచ్చు. అన్నం, పొడులు డాలస్ నుంచి పెట్టెలో వచ్చేస్తాయి. ఊరగాయను చేతి సంచిలో పెట్టకండి; నూనె, రసం ఉన్న పదార్థంగా చూసి విమానాశ్రయంలో ఆపే అవకాశం ఉంది. చెక్-ఇన్ పెట్టెలో, రెండు కవర్లలో.

డిస్నీ పార్కుల్లోకి ఇంటి తిండి తెచ్చుకోవచ్చు. గాజు సీసాలు, మద్యం, వేడిచేయాల్సిన పదార్థాలు కూడదు. పులిహోర, చపాతీ రోల్స్, పెరుగన్నం డబ్బాలకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. చల్లటి డబ్బాలో విడి ఐసు, డ్రై ఐసు వాడనివ్వరు. గడ్డకట్టే జెల్ ప్యాక్‌లు పెట్టుకోవాలి. త్వరగా వడ్డించే కౌంటర్ల దగ్గర ఐసు నీళ్ళు ఉచితంగా ఇస్తారు, నీళ్ళ సీసా డబ్బు పెట్టి కొనక్కర్లేదు. తాతయ్య ఇన్సులిన్‌ను గది ఫ్రిజ్‌లో వెనక గోడకు ఆనించకుండా తలుపు అరలో పెట్టాలి. ఆ చిన్న ఫ్రిజ్‌లు వెనకవైపు గడ్డకట్టిస్తాయి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. పార్కులో ఉన్నంతసేపు ప్రతి పార్కులోనూ ఉండే ఫస్ట్ ఎయిడ్ సెంటర్‌లో మందులు భద్రపరచి ఇస్తారు.

ఒక పూట బయట మంచి భోజనం కావాలంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని సనా రెస్టారెంట్ ఉంది. అక్కడ నాన్ రొట్టెలు రకరకాల పచ్చళ్ళతో, చట్నీలతో ఇస్తారు. కిటికీ బయట జిరాఫీలు తిరుగుతుంటాయి. అరవై రోజుల ముందు నుంచే టేబుల్ బుక్ చేసుకోవచ్చు.

ఆఖరికి తేలిన ప్లాను

పాప్ సెంచురీకే మొగ్గు. అయితే ఐదు రాత్రులూ కాదు, నాలుగే.

డాలస్ విమానం రాత్రి తొమ్మిదిన్నరకు దిగుతుంది. ఆ రాత్రి డిస్నీ గదికి చేరేది పదకొండుకు, చేసేది నిద్రే. దానికి రెండు గదులకూ పన్నుతో 495 డాలర్లు కట్టడం అనవసరం. విమానాశ్రయం పక్కన ఉచిత షటిల్, పొద్దున్న టిఫిన్ ఉన్న మామూలు హోటల్లో రెండు గదులు పన్నుతో కలిపి 270 అనుకుంటే 225 మిగిలింది. డిస్నీ హోటల్ సౌకర్యాలు చెక్-ఇన్ రోజు పొద్దున్నుంచి చెక్-అవుట్ రోజు రాత్రి దాకా పనిచేస్తాయి, గది చేతికి వచ్చేది మధ్యాహ్నం మూడింటికే అయినా. కాబట్టి నాలుగు రాత్రులకు ఐదు రోజుల ముందస్తు ప్రవేశం. మొత్తం ఖర్చు: పాప్ సెంచురీ 1,980, మొదటి రాత్రి 270, క్యాబ్‌లు 140. అంటే 2,390. ఇంటితో తేడా 270కి దిగింది. తిండి తేడా కూడా కలిపినా 570 దాటదు.

రెండో రోజు పొద్దున్న పెట్టెలు పాప్ సెంచురీలో సామాను దాచిపెట్టే బెల్ సర్వీసెస్‌లో పడేసి స్కైలైనర్‌లో ఎప్‌కాట్. మధ్యాహ్నం అందరూ కలిసే తిరిగి రావాలి. ఇది పెద్దవాళ్ళకు దారి చూపించే రోజు. కరీబియన్ బీచ్‌లో ఎక్కడ దిగాలి, ఏ లైను వైపు నడవాలి అన్నది తాతయ్య ముందు నడిచి చూపించాలి, వెనక నుంచి అల్లుడుగారు చూడాలి. మూడో రోజు మ్యాజిక్ కింగ్‌డమ్. ఒంటిగంటకు పెద్దవాళ్ళు, బాబు బస్సులో వెనక్కి. నాలుగో రోజు పార్కు లేదు, పూల్, నిద్ర, సాయంత్రం సనా. ఐదో రోజు యానిమల్ కింగ్‌డమ్. అక్కడ సఫారీ పొద్దున్నే చూడాలి, ఎండ ముదిరితే జంతువులు నీడకు పోతాయి. ఆరో రోజు చెక్-అవుట్ చేసి, పెట్టెలు బెల్ సర్వీసెస్‌లో ఉంచి, నలుగురే హాలీవుడ్ స్టూడియోస్‌కు. అక్కడ వేగంగా కదిలే రైడ్లు చాలా ఉన్నాయి కాబట్టి అమ్మమ్మ తాతయ్యలకు మూడు రోజుల టికెట్టే తీసుకోవాలి. నాలుగు రోజుల టికెట్టును మొదటి రోజు నుంచి ఏడు రోజుల్లోపు వాడుకోవచ్చు గనక మధ్యలో విశ్రాంతి రోజుకు ఇబ్బంది లేదు.

గదులను టికెట్లతో కలిపి ప్యాకేజీగా తీసుకోకుండా విడిగా బుక్ చేసుకోవాలి. గది మాత్రమే బుక్ చేస్తే ముందు కట్టేది ఒక రాత్రి అద్దె. దగ్గర పడ్డాక కూడా రద్దు చేసుకునే వీలుంటుంది. ప్యాకేజీకైతే నెల రోజుల ముందే గడువు ముగుస్తుంది. వీసా ఆలస్యమై పెద్దవాళ్ళ ప్రయాణం వాయిదా పడే ఇళ్ళకు ఈ తేడా ముఖ్యం.

గది కోసం కోరే కోరిక కూడా ఒక్కటే ఉండాలి. పది కోరికలు రాస్తే ఏదీ జరగదు. "రెండు గదులూ పక్కపక్కన, లిఫ్టుకు దగ్గరగా" అని రాస్తే చాలు. పాప్ సెంచురీలో విభాగాలు దశాబ్దాల పేర్లతో ఉంటాయి. 80లు, 90ల విభాగాలు ఫుడ్ కోర్టు ఉన్న క్లాసిక్ హాల్‌కూ, స్కైలైనర్‌కూ దూరం. మోకాళ్ళ నొప్పులుంటే కాస్త ఎక్కువ పెట్టి, దగ్గరగా ఉండే ప్రిఫర్డ్ గది తీసుకోవడం మంచిదే. గదిలో రెండు మంచాల్లో ఒకటి గోడ నుంచి కిందికి లాగేది. పగలు అది బల్ల. పెద్దవాళ్ళిద్దరూ మామూలు మంచం మీద, వాళ్ళతో పడుకునే మనవరాలు లాగే మంచం మీద.

ఏది దెబ్బతీస్తుంది

మెరుపులు కనపడితే స్కైలైనర్ ఆగిపోతుంది. జూన్ మధ్యాహ్నాల్లో ఇది దాదాపు ఖాయం. అప్పుడు బస్సులు వేస్తారు, కానీ అందరూ ఒకేసారి బస్సుల మీద పడతారు. అందుకే పెద్దవాళ్ళ బయల్దేరే సమయం రెండున్నర కాకుండా ఒంటిగంట. క్యాబిన్లలో ఏసీ ఉండదు, కదులుతున్నంతసేపు గాలి ఆడుతుంది, ఆగితే ఉక్క. ఎత్తు భయం ఉన్నవాళ్ళను మొదటిరోజే గుర్తించి బస్సుకు మార్చుకోవాలి. స్కైలైనర్ ఎక్కడానికి పార్కు టికెట్ అక్కర్లేదు, అందుకని ముందు సాయంత్రం ఊరికే ఒక చుట్టు వేసి చూడవచ్చు.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో బాణసంచా అయిపోయిన పది నిమిషాలకు బస్సుల క్యూ చూసి లోపలి బస ఎంచుకున్నందుకు బాధపడేవాళ్ళుంటారు. కారులో వచ్చినవాళ్ళ పరిస్థితి అప్పుడు ఇంకా హీనం, మోనోరైల్‌కో ఫెర్రీకో అదే జనం. అరగంట లోపలే కూర్చుని బయల్దేరితే రెండు క్యూలూ కరిగిపోతాయి.

విమానాశ్రయం నుంచి డిస్నీ ఉచిత బస్సు వస్తుందని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. ఆ సేవ 2022 జనవరిలోనే ఆగిపోయింది. క్యాబో, డబ్బు కట్టే షటిలో చూసుకోవాలి.

కారు అద్దెకు తీసుకునేవాళ్ళు టోల్ విషయంలో జాగ్రత్త పడాలి. ఓర్లాండో చుట్టూ టోల్ రోడ్లే, చాలాచోట్ల నగదు తీసుకోరు. అద్దె కంపెనీ టోల్ పరికరం వాడితే టోల్‌తో పాటు రోజువారీ రుసుము కూడా పడుతుంది. ఓర్లాండో విమానాశ్రయంలో విజిటర్ టోల్ పాస్ ఉచితంగా ఇస్తారు. యాప్‌లో ముందే నమోదు చేసుకుని, అద్దానికి తగిలించుకుని, వెళ్ళేటప్పుడు తిరిగి ఇచ్చేయాలి.

లెక్క ఎప్పుడు తిరగబడుతుంది

ఇదే కుటుంబంతో పాటు న్యూజెర్సీ నుంచి బావగారి కుటుంబం కూడా వస్తే, అంటే పదిమంది అయితే, సలహా మారిపోతుంది. డిస్నీలో గదులు మూడవుతాయి, ఖర్చు సగం పైన పెరుగుతుంది. ఐదు బెడ్‌రూమ్‌ల ఇంటి అద్దె మూడు బెడ్‌రూమ్‌ల దానికంటే అంతగా పెరగదు, క్లీనింగ్ ఫీజు పదిమంది మధ్య పంచుకుంటారు. అన్నిటికంటే ముఖ్యంగా కార్లు రెండవుతాయి, నడిపేవాళ్ళు నలుగురవుతారు. ఒక కారు మధ్యాహ్నం వెనక్కి వెళ్ళినా ఇంకొకటి పార్కులో ఉంటుంది. ఒక్క వ్యాను సమస్య పోయింది కాబట్టి అక్కడ ఇల్లే సరైనది. వారం పైన ఉండేవాళ్ళకూ, డిస్నీలో రెండు రోజులే గడిపి మిగతావి యూనివర్సల్, కెనడీ స్పేస్ సెంటర్ వైపు తిరిగేవాళ్ళకూ, మధ్యాహ్నం నిద్ర అక్కర్లేని టీనేజి పిల్లలున్నవాళ్ళకూ ఇదే మాట. ఆ ఇంటి నియమాల్లో ఘాటైన వంటల వాసనకు అదనపు క్లీనింగ్ ఛార్జీ ఉందేమో మాత్రం చదవండి. కొన్ని ఇళ్ళలో ఉంటుంది. తాలింపు వేసే ముందు తెలిస్తే మంచిది.

రెండు మూడు రాత్రులకే ఇల్లు తీసుకుని మిగతావి డిస్నీలో ఉందామనే ఆలోచన బాగున్నట్టే కనిపిస్తుంది గానీ, క్లీనింగ్ ఫీజు మారదు కాబట్టి రాత్రి ధర చాలా పెరుగుతుంది. పైగా చాలా ఇళ్ళకు కనీస రాత్రుల నిబంధన ఉంటుంది.

ఓర్లాండోలోనే ఉన్న ఇంకో థీమ్ పార్కుల సముదాయం యూనివర్సల్‌కు ఈ లెక్క వర్తించదు. అక్కడ ప్రీమియర్ హోటళ్ళు మూడు, పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్. వీటిలో ఉన్నవాళ్ళకు యూనివర్సల్ స్టూడియోస్, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కుల్లో క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ గదితో పాటే వస్తుంది, చెక్-ఇన్, చెక్-అవుట్ రోజులతో కలిపి. ఒక్క రాత్రి గదికి రెండు రోజుల ఎక్స్‌ప్రెస్. నలుగురికి ఆ పాస్ విడిగా కొంటే అయ్యే మొత్తాన్ని ముందు చూసి, ఆ తర్వాత గది ధర చూడండి. రద్దీ రోజుల్లో గదే చవకగా తేలుతుంది. 2025 మే 22న తెరిచిన యూనివర్సల్ కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్‌లో మాత్రం ఈ ఉచిత ఎక్స్‌ప్రెస్ చెల్లదు. ఎపిక్ ఒక్కటే చూడటానికి వెళ్ళేవాళ్ళు ఆ సౌకర్యం కోసం ప్రీమియర్ గదికి డబ్బు పెట్టకూడదు.